లంపెక్టమీలో అంచు క్లియర్ అయిందా లేదా టేబుల్ మీదే తేల్చాలంటే: ఉన్న మెషీన్లతో ఎంతవరకు నమ్మొచ్చు?

జిల్లా_సర్జన్ (ప్రశ్న)

జిల్లా కేంద్రంలో మధ్యస్థాయి ఆసుపత్రి. రొమ్ము మొత్తం తీయకుండా గడ్డ వరకే తీసే ఆపరేషన్లు (లంపెక్టమీ) ఇక్కడ ఇప్పుడిప్పుడే పెరుగుతున్నాయి. ఎక్కువగా వచ్చేవి చేతికి తగిలే 2–4 సెం.మీ. గడ్డలు. ముందు కీమో ఇచ్చాక గడ్డ కరిగి వచ్చేవి కొన్ని. మామోగ్రామ్‌లో కాల్షియం చుక్కలు తప్ప ఏమీ లేక, జబ్బు చోటు చూపే వైరు పెట్టించుకుని వచ్చేవి అరుదు. తుది రిపోర్టులో మార్జిన్ పాజిటివ్ అని, అంటే తీసిన ముక్క అంచు మీద క్యాన్సర్ ఉందని వస్తే పేషెంటును మళ్లీ టేబుల్ ఎక్కించాలి, రేడియేషన్ వెనక్కి జరుగుతుంది. చాలామంది ఆ మాట వినగానే “ఇంక మొత్తం తీసేయండి డాక్టరు గారూ” అంటున్నారు.

ఓటీలో 12 మెగాహెర్ట్జ్ లీనియర్ ప్రోబ్ ఉంది, మత్తు డాక్టర్లు నర్వ్ బ్లాకులకు వాడేది. కింది అంతస్తులో డిజిటల్ మామోగ్రఫీ ఉంది. తీసిన ముక్కను ఓటీలోనే ఎక్స్‌రే తీసే పెట్టె, అదే స్పెసిమెన్ ఎక్స్‌రే క్యాబినెట్, లేదు. ముక్కను గడ్డకట్టించి పలుచగా కోసే క్రయోస్టాట్ ఉంది గానీ రొమ్ము కొవ్వు సరిగా గడ్డకట్టక ముక్క చిరిగిపోతోందని పాథాలజీ మేడమ్ అంటున్నారు. లాపరోస్కోపీ టవర్‌లో ఐసీజీ (మెరిసే పచ్చ రంగు మందు) చూసే కెమెరా ఉంది.

ఏ కేసుకు ఏ పరీక్ష నమ్మాలి? ఎన్ని మిల్లీమీటర్లు ఉంటే ఆగాలి? క్యాబినెట్ కొనమని మేనేజ్‌మెంట్‌ను అడగడం సబబేనా?

ఆంకో_విశాఖ

సార్, కొలత సంగతి ముందు తేల్చుకుందాం, ఎందుకంటే టేబుల్ మీద చూసే అంచు వేరు, రిపోర్టులో వచ్చే అంచు వేరు. చొచ్చుకుపోయే క్యాన్సర్‌కు 2014 నాటి అమెరికా క్యాన్సర్ సర్జన్ల, రేడియేషన్ డాక్టర్ల సంఘాల (ఎస్‌ఎస్‌ఓ–ఆస్ట్రో) మార్గదర్శకం ప్రకారం ముక్క పైన పూసిన ఇంకు మీద కణితి లేకపోతే చాలు. 33 అధ్యయనాలు, 28 వేలకు పైగా పేషెంట్ల సమాచారం కలిపి చూసి చెప్పిన మాట అది. ఇంకు మీద కణితి ఉంటే అదే రొమ్ములో తిరగబెట్టే ప్రమాదం కనీసం రెట్టింపు అవుతుంది. అంతకన్నా వెడల్పైన అంచు తీస్తే అదనంగా ఒరిగేదేమీ కనబడలేదు. ఉత్త డీసీఐఎస్‌కు (పాలగొట్టాల లోపలే ఉండి బయటికి చొచ్చుకుపోని తొలి దశ క్యాన్సర్) మాత్రం 2016లో 2 మి.మీ. అన్నారు. చొచ్చుకుపోయే క్యాన్సర్ పక్కన కొంత డీసీఐఎస్ ఉంటే మళ్లీ మొదటి నియమమే.

ఇవి మైక్రోస్కోపు కింద కొలతలు. అల్ట్రాసౌండ్‌లో గానీ ఎక్స్‌రేలో గానీ 1 మి.మీ. కనిపించింది కదా అని ఆగకూడదు. కోసేటప్పుడు చుట్టూ 1 సెం.మీ. గురి పెట్టుకోండి. బయటికి తీసిన ముక్క మీద ఏ వైపైనా 5 మి.మీ. కన్నా తక్కువ కనిపిస్తే ఆ వైపు ఇంకో పొర తీయండి. చాలామంది సర్జన్లు పెట్టుకునే గీత ఇదే.

మీ కేసుల్లో ఎక్కువ భాగం చేతికి తగిలే గడ్డలు కాబట్టి మీకు అన్నిటికన్నా పనికొచ్చేది ఆ 12 మెగాహెర్ట్జ్ ప్రోబే. నెదర్లాండ్స్‌లో కోబాల్ట్ అని ఒక ట్రయల్ జరిగింది, ఫలితాలు 2013 ప్రాంతంలో వచ్చాయి. 134 మంది పేషెంట్లు, అందరివీ చేతికి తగిలే గడ్డలే. చేత్తో తడిమి తీసిన వాళ్లలో 17 శాతం మందికి అంచు పాజిటివ్ అయితే, ప్రోబ్ పెట్టి తీసిన వాళ్లలో 3 శాతమే. తీసిన ముక్క సైజు కూడా తగ్గింది: సగటున 57 సీసీకి బదులు 38 సీసీ. చేతికి తగిలేదానికి స్కాన్ ఎందుకనే వాళ్లకు ఈ రెండో అంకె చూపించాలి. తడిమితే గడ్డ మధ్య తెలుస్తుంది, చివర తెలియదు. ఆ భయంతో ఒకవైపు ఎక్కువ కోసి, ఇంకోవైపు తక్కువ కోస్తాం.

చేసే పద్ధతి. పేషెంటును పడుకోబెట్టి, చేయి ఆపరేషన్‌కు ఎలా చాపుతారో అలా చాపించాకే స్కాన్ చేసి చర్మం మీద గీయండి. క్లినిక్‌లో పక్కకు తిప్పి గీసిన గుర్తు టేబుల్ మీద జరిగిపోతుంది. గీసిన తర్వాతే లోకల్ ఇంజెక్షన్, బ్లూ డై. ముందే ఎక్కిస్తే ద్రవం పొరల మధ్య నల్లగా పరుచుకుని గడ్డ అంచును తినేస్తుంది. కోత పెట్టాక ప్రోబ్‌కు స్టెరైల్ కవర్ వేసి, లోపలా బయటా స్టెరైల్ జెల్ రాసి, గాయంలోకే దించండి. కోసే గీతకూ గడ్డకూ మధ్య దూరం ప్రతి వైపూ చూస్తూ పోవాలి. అన్నిటికన్నా తప్పేది వెనక వైపు, ఛాతీ కండరం దిక్కు. గడ్డ కింద నీడ పడి అక్కడేముందో కనిపించదు. ప్రోబ్‌ను పక్క నుంచి వాల్చి చూడాలి.

ముక్క బయటికి వచ్చాక చిన్న గిన్నెలో సెలైన్ పోసి అందులో ముంచి స్కాన్ చేయండి. ప్రోబ్ ముక్కను తాకకూడదు, మధ్యలో ఒక సెంటీమీటరు సెలైన్ ఉండాలి. నొక్కితే కొవ్వు పక్కకు జారిపోయి ఉన్న అంచు కూడా సన్నగా కనిపిస్తుంది. కరెంటుతో మాడ్చి కోసే కాటరీ వల్ల ముక్క పైన గాలి బుడగలు ఇరుక్కుంటాయి, అవి తెల్లగా మెరిసి కింద మురికి నీడ వేస్తాయి. సెలైన్‌లోనే వేలితో మెల్లగా నిమిరితే పోతాయి. పై నుంచి చూశాక ముక్కను బోర్లించి వెనక నుంచి కూడా చూడాలి. చివరగా రొమ్ములోని గుంటను సెలైన్‌తో నింపి గోడలు ఒకసారి స్కాన్ చేయండి. పక్కన ఇంకో చిన్న గడ్డ మిగిలి ఉంటే అక్కడ దొరుకుతుంది.

ప్రోబ్ చూడలేనివి కూడా తెలిసి ఉండాలి. డీసీఐఎస్ చాలావరకు కనిపించదు. లోబ్యులర్ క్యాన్సర్ కణాలు ఒక్కో వరుసగా కొవ్వులోకి పాకుతాయి, గడ్డగా కూడవు. స్కాన్‌లో 2 సెం.మీ. అనుకున్నది రిపోర్టులో 4 సెం.మీ. అవుతుంది. బయాప్సీ రిపోర్టులో లోబ్యులర్ అని ఉంటే అల్ట్రాసౌండ్ అంచును నమ్మకండి, ముందే ఎంఆర్‌ఐ చూసుకుని కోత వెడల్పు నిర్ణయించుకోండి.

మామో_గది

కాల్షియం చుక్కల కేసులకు, కీమో ముందు గడ్డ చోటుకు గుర్తుగా క్లిప్ పెట్టిన కేసులకు స్పెసిమెన్ ఎక్స్‌రే తప్పదు. దానికి క్యాబినెట్ లేకపోయినా నడుస్తుంది. కింద ఉన్న మామోగ్రఫీ మెషీనే చాలు, పద్ధతి ప్రకారం తీస్తే.

మ్యాగ్నిఫికేషన్ స్టాండ్ బిగించండి, 1.5 లేదా 1.8 రెట్లు. చిన్న ఫోకల్ స్పాట్, 0.1 మి.మీ. ది, ఎంచుకోండి. గ్రిడ్ తీసేయండి. కేవీ 22 నుంచి 26 మధ్య. ఎక్స్‌పోజర్ ఆటోలో పెడితే చాలా మెషీన్లలో ఫిల్మ్ పాడవుతుంది, ఎందుకంటే ముక్క సెన్సర్‌ను పూర్తిగా కప్పదు. సెన్సర్‌కు ఖాళీ చోటు తగిలితే ఎక్స్‌పోజర్ ముందే ఆగి బొమ్మ గరుకుగా వస్తుంది. మాన్యువల్‌లో తక్కువ ఎంఏఎస్ (ఎక్స్‌రే మోతాదు)తో మొదలుపెట్టి ఒకటి రెండు షాట్లలో మీ మెషీన్‌కు సరిపోయే అంకె పట్టుకుని గోడ మీద రాసి పెట్టుకోండి. చిన్న ముక్కకు ఒకటి, పెద్దదానికి ఒకటి ఉంటే చాలు.

కంప్రెషన్ పెడల్ తొక్కొద్దు. ఇది టెక్నీషియన్లకు పదేపదే చెప్పాలి, వాళ్ల చేతికి అలవాటైన పని అదే కాబట్టి. ముక్క అసలే బయటికి రాగానే బల్ల మీద చదునైపోతుంది. పైనుంచి నొక్కితే ముందు–వెనక అంచులు ఇంకా పలుచబడతాయి, కొవ్వు చీలి, ఆ చీలికలోకి రేపు ఇంకు కారుతుంది. పాథాలజీ వాళ్లకు లేని పాజిటివ్ మార్జిన్ కనిపిస్తుంది.

రెండు వ్యూలు తప్పనిసరి. రొమ్ములో ఉన్నట్టే పడుకోబెట్టి తీస్తే పై, కింది, మధ్యరేఖ వైపు, చంక వైపు అంచులు వస్తాయి. చర్మం వైపు, కండరం వైపు అంచులు అందులో ఒకదాని మీద ఒకటి పడి కనిపించవు. ముక్కను 90 డిగ్రీలు నిలబెట్టి రెండోది తీయాలి. నిలబడదు కాబట్టి థర్మోకోల్ ముక్కలు రెండు వైపులా ఆనించండి. థర్మోకోల్ ఎక్స్‌రేలో దాదాపు కనిపించదు.

ముక్కకు ఏది ఏ వైపో తెలిపే దారి గుర్తులు ఓటీలోనే పెట్టాలి. పొట్టి కుట్టు పైకి, పొడుగు కుట్టు చంక వైపుకు, ఇది అందరికీ తెలిసిందే. కానీ ఎక్స్‌రేలో దారం కనిపించదు. దారంతో పాటు మెటల్ క్లిప్పులు పెట్టండి: పైన ఒకటి, చంక వైపు రెండు, ముందు వైపు మూడు, ఇలా ఒక లెక్క పెట్టుకుని ఎప్పుడూ మార్చకండి. ముక్కను తడి గాజుగుడ్డలో చుట్టి పంపొద్దు. మాప్‌లో ఉండే రేడియో ఒపేక్ దారం ఫిల్మ్‌లో వైరు ముక్కలా కనిపించి గందరగోళం చేస్తుంది. పలుచని ప్లాస్టిక్ కవర్ చాలు. ఫార్మాలిన్‌లో వేయకముందే తీయాలి.

ఫిల్మ్ చూసి ఓటీకి ఫోన్ చేసేటప్పుడు మూడు సంగతులు చెప్పాలి. గురి పెట్టింది వచ్చిందా, అంటే చుక్కలు, క్లిప్, వైరు కొన, మూడూ. ఏ అంచు దగ్గరగా ఉంది, ఎన్ని మి.మీ. అదనపు పొర ఏ వైపు తీయాలి. కొలిచేటప్పుడు మ్యాగ్నిఫికేషన్ మరిచిపోకండి. 1.8 రెట్ల బొమ్మ మీద 9 మి.మీ. అంటే నిజానికి 5. కొన్ని మెషీన్లు దిద్ది చూపిస్తాయి, కొన్ని చూపించవు. ముక్క పక్కన పొడవు తెలిసిన మెటల్ వస్తువు ఒకటి పెట్టి తీస్తే అనుమానం ఉండదు.

కాల్షియం చుక్కల కేసులో 5 మి.మీ. చాలదు, 10 మి.మీ. చూడండి. డీసీఐఎస్ గొట్టాల వెంట చుక్కలు లేని చోటికి కూడా పాకి ఉంటుంది. చుక్కలు కనిపించే మేరకే జబ్బు అనుకుంటే దెబ్బతింటాం.

క్యాబినెట్ విషయం: దాని లాభం బొమ్మ నాణ్యత కన్నా సమయంలోనే ఎక్కువ. ఓటీ లోపలే ఒకటి రెండు నిమిషాల్లో బొమ్మ వస్తుంది, వార్డుబాయ్ లిఫ్టు కోసం నిలబడే పని లేదు. మీ కేసుల్లో చుక్కలవి అరుదు అంటున్నారు కాబట్టి ఇప్పుడే ఆ ఖర్చు నేనైతే పెట్టను. అడిగేటట్లయితే రేడియేషన్ పరికరాలను నియంత్రించే ఏఈఆర్‌బీ అనుమతి పని కూడా లెక్కలో వేసుకోండి.

జిల్లా_సర్జన్

ఇద్దరికీ ధన్యవాదాలు. ఆటో ఎక్స్‌పోజర్ సంగతి ఇప్పుడు అర్థమైంది, మా ఫిల్ములన్నీ గరుకుగానే వస్తున్నాయి. ఐసీజీ కెమెరా గురించి ఎవరూ అనలేదు. సెంటినెల్ నోడ్‌కు (చంకలో మొదటి లింఫు గ్రంథిని వెతకడానికి) ఎలాగూ ఐసీజీ ఎక్కిస్తాం కదా, అదే కెమెరాతో గుంట చూస్తే మిగిలిన కణితి మెరవదా? ఇంకొకటి, ఫ్రోజెన్ (ముక్కను గడ్డకట్టించి వెంటనే మైక్రోస్కోపులో చూసే పరీక్ష) మీద పాథాలజీ వాళ్ల మాట వినాలని ఉంది.

పారఫిన్_బ్లాక్

ఫ్రోజెన్ గురించి నేను చెబుతాను.

కచ్చితత్వం చూస్తే బొమ్మలకన్నా కణాలు చూసే పరీక్షలదే పైచేయి. 2017లో వచ్చిన ఒక మెటా–విశ్లేషణలో ఫ్రోజెన్ సెక్షన్ సెన్సిటివిటీ (నిజంగా పాజిటివ్ అయినవాటిని పట్టుకునే శాతం) 86 శాతం, ఇంప్రింట్ సైటాలజీది (అంచును స్లైడుకు నొక్కి కణాలు చూడటం) 91. అల్ట్రాసౌండ్ 59, స్పెసిమెన్ ఎక్స్‌రే 53. అంటే ఎక్స్‌రే బాగుందన్న కేసుల్లోనూ పాజిటివ్‌లు దాక్కుని ఉంటాయి, దాదాపు సగం దాకా తప్పిపోతాయి. మేయో క్లినిక్ రోచెస్టర్‌లో ప్రతి లంపెక్టమీకి ఫ్రోజెన్ చేస్తారు. 2014లో వాళ్లు అచ్చువేసిన లెక్కల్లో 30 రోజుల్లోపు మళ్లీ ఆపరేషన్ 3.6 శాతం, అప్పటి అమెరికా జాతీయ లెక్క 13.2. కానీ అక్కడ ఆ పనికే కూర్చున్న బృందం ఉంటుంది. ఒక్క పాథాలజిస్టు, ఒక్క క్రయోస్టాట్ ఉన్న చోట ఆరు వైపులూ ఫ్రోజెన్ అడిగితే పేషెంటు గంటకు పైగా మత్తులో ఉంటారు.

కొవ్వు చిరగడం మీ మేడమ్ లోపం కాదు. క్రయోస్టాట్ మామూలుగా మైనస్ 20 దగ్గర ఉంటుంది, ఆ చలికి కొవ్వు గట్టిపడదు. మైనస్ 30కి, కుదిరితే ఇంకా కిందికి దించాలి. కొవ్వును వీలైనంత కత్తిరించేసి 2–3 మి.మీ. మందం ముక్కే పెట్టాలి, ఫ్రీజింగ్ స్ప్రే కొట్టాలి, సెక్షన్ 5 మైక్రాన్లకు బదులు 8–10 కోయాలి. అయినా ఉత్త కొవ్వు ఉన్న అంచుకు ఫ్రోజెన్ అడగడమే దండగ. కంటికి తెల్లగా, చేతికి గట్టిగా ఉన్న చోట ఒకటి రెండు బ్లాకులు అడగండి, సరిపోతుంది.

ఆ ఒకటి రెండు ఎక్కడ తీయాలో తెలియాలంటే ముందు ఇంకు. ముక్క పైన తడి, రక్తం గాజుగుడ్డతో అద్ది ఆరబెట్టాలి. ఆరు వైపులకు ఆరు రంగులు పూసి, 5 శాతం ఎసిటిక్ యాసిడ్ అద్దితే ఇంకు పట్టుకుంటుంది. ఒకటి రెండు నిమిషాలు ఆగి మళ్లీ అద్దాలి. ఆరకుండా కోస్తే కత్తి వెంట ఇంకు లోపలికి వస్తుంది. కాటరీతో మాడిన వైపుకు నల్ల ఇంకు వాడొద్దు, మాడిన నలుపూ ఇంకూ ఒకేలా ఉంటాయి. ఇంకు ఓటీలో సర్జనే పూస్తే ఇంకా మంచిది. గుండ్రటి మెత్తటి ముక్క మీద రెండు దారాలు చూసి ఏది ముందో ఏది వెనకో పోల్చుకోవడం అనుకున్నంత సులువు కాదు. ఏ రంగు ఏ వైపో రిక్వెస్ట్ ఫారం మీద రాసి పంపండి.

తర్వాత 3–5 మి.మీ. బిళ్లలుగా కోసి కంటితో చూస్తే చేతికి తగిలే గడ్డల్లో సగం పని అయిపోతుంది. గడ్డ అంచు ఇంకుకు ఎంత దూరమో స్కేలు పెట్టి సర్జన్‌కు చెప్పొచ్చు. కాల్షియం కేసయితే ఈ బిళ్లలను వరుసగా పేర్చి మామోగ్రఫీలో ఇంకో షాట్ తీస్తే చుక్కలు ఏ బిళ్లలో ఉన్నాయో తెలిసి, అక్కడి నుంచే బ్లాకులు తీయొచ్చు.

ఇంప్రింట్ సైటాలజీ మీలాంటి చోట్ల తక్కువగా వాడుతున్నారు గానీ మంచి పద్ధతి. ప్రతి వైపునూ ఒక గాజు స్లైడుకు నొక్కి, వెంటనే 95 శాతం ఆల్కహాల్‌లో ముంచి, రాపిడ్ హెచ్ అండ్ ఈ వేస్తే పావుగంటలో ఫలితం. క్యాన్సర్ కణాలు అంటుకుంటాయి, కొవ్వు అంటుకోదు. ఇది ఇంకు పూయకముందే చేయాలి. లోపాలూ ఉన్నాయి. అంచు మీద ఉన్నదే చెబుతుంది, అంచుకు 1 మి.మీ. లోపల ఏముందో చెప్పదు. కాబట్టి డీసీఐఎస్‌కు 2 మి.మీ. ప్రశ్న దీనితో తేలదు. మాడిన పొర నుంచి కణాలు ఊడిరావు. స్లైడు ఆల్కహాల్‌లో పడేలోగా గాలికి ఆరితే న్యూక్లియస్‌లు ఉబ్బి మంచివి కూడా చెడ్డవిగా కనిపిస్తాయి. ఇది చదవడానికి సైటాలజీ చేయి తిరిగి ఉండాలి.

ఈ పరీక్షల హడావుడిలో గడియారం మరిచిపోకండి. ముక్క బయటికి వచ్చిన గంటలోపు కోసి ఫార్మాలిన్‌లో పడాలి, అందులో 6 నుంచి 72 గంటలు ఉండాలి. తర్వాతి మందులను నిర్ణయించే ఈఆర్, పీఆర్, హర్2 ఫలితాలు దాని మీదే ఆధారపడతాయి. ముక్క ఎప్పుడు బయటికి వచ్చిందో, ఎప్పుడు ఫార్మాలిన్‌లో పడిందో రెండూ ఫారం మీద రాయండి. కోయకుండా పెద్ద ముక్కను డబ్బాలో పడేస్తే ఫార్మాలిన్ కొవ్వులోకి దిగదు, లోపలి గడ్డ అలాగే కుళ్లుతుంది. ఎక్స్‌రే గదికి వెళ్లి వచ్చేసరికే నలభై నిమిషాలు పోతున్నాయంటే మార్చాల్సింది ఆ దారి.

ఫెలో_మాంచెస్టర్

ఇక్కడ యూకేలో గీత కొంచెం వేరు. ఇక్కడి రొమ్ము సర్జన్ల సంఘం (ఏబీఎస్) 2015 ఏకాభిప్రాయం ప్రకారం చొచ్చుకుపోయేదైనా డీసీఐఎస్ అయినా 1 మి.మీ. చూస్తారు. యూకే, అమెరికా పేపర్లు పక్కపక్కన పెట్టుకుని పాజిటివ్ శాతాలు పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోండి, ఒకే కేసు ఒక చోట పాజిటివ్, ఇంకో చోట నెగటివ్.

మెషీన్ ఏదీ అక్కర్లేని దారి ఒకటుంది, దాన్ని పైవాళ్లెవరూ గట్టిగా అనలేదు. లంపెక్టమీ అయ్యాక గుంట గోడల నుంచి పలుచని పొరలు చుట్టూ తీసేయడం, క్యావిటీ షేవ్. యేల్ విశ్వవిద్యాలయం వాళ్ల ట్రయల్, 2015, 235 మంది. షేవ్ తీసిన వాళ్లలో పాజిటివ్ 19 శాతం, తీయని వాళ్లలో 34. రెండో ఆపరేషన్ 10 శాతం, 21 శాతం. లోబ్యులర్‌కు, చుక్కలు లేని డీసీఐఎస్‌కు, అంటే ఏ బొమ్మలోనూ కనిపించని జబ్బుకు, ఇంతకన్నా సూటి ఉపాయం నాకు తెలియదు.

కొత్త పరికరాల గురించి కూడా ఒక మాట, మేనేజ్‌మెంట్‌ను కంపెనీ వాళ్లు వచ్చి కలుస్తారు కాబట్టి. మార్జిన్‌ప్రోబ్ బొమ్మ చూపించదు. ముక్క పైన ఆనిస్తే రేడియో తరంగాలతో ఆ చోటు మంచిదా చెడ్డదా అని మాత్రం చెబుతుంది, 1 మి.మీ. లోతు వరకు. అమెరికాలో 2012 చివర అనుమతి వచ్చింది. ఉత్తుత్తి పాజిటివ్‌లు ఎక్కువ, అందువల్ల అక్కర్లేని పొరలు కూడా పోతాయి. ఓసీటీ కాంతితో పనిచేస్తుంది, ముక్క అంచులో 1–2 మి.మీ. లోతు వరకు గొట్టాల ఆకారం చూపిస్తుంది. బొమ్మ బాగుంటుంది, చదవడం నేర్చుకోవాలి, ఆరు వైపులూ స్కాన్ చేయడానికి సమయం పడుతుంది. ముక్కను కాకుండా గుంటనే చూసేది లూమిసెల్ కెమెరా. పెగులిసియానిన్ అనే మందు కిలోకు 1 మి.గ్రా. చొప్పున ఆపరేషన్‌కు 2–6 గంటల ముందు నరంలోకి ఎక్కిస్తారు. కణితిలో ఎక్కువగా ఉండే ఎంజైములు దాన్ని కోసినప్పుడు మెరుస్తుంది. 2024 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. 357 మందిలో 27 మందికి మామూలు లంపెక్టమీ తర్వాత మిగిలిపోయిన కణితి దీనితో దొరికింది. సెన్సిటివిటీ మాత్రం దాదాపు 49 శాతమే. అనాఫిలాక్సిస్ ప్రమాదం మీద బాక్స్ హెచ్చరిక ఉంది. దాన్ని వాడేటప్పుడు గుంట చూడకముందు బ్లూ డై వేయకూడదు.

ఆంకో_విశాఖ

ఐసీజీ ప్రశ్నకు జవాబు పై మాటలోనే సగం ఉంది. పెగులిసియానిన్ కణితి దగ్గర మాత్రమే వెలిగేలా తయారుచేసినది. ఐసీజీ అలాంటిది కాదు. అది రక్తంలో ఆల్బుమిన్‌ను పట్టుకుని, కారే రక్తనాళాలు ఎక్కడుంటే అక్కడ చేరుతుంది. కణితిలో చేరుతుంది, బయాప్సీ చేసిన చోట వాపులోనూ చేరుతుంది, కీమో తర్వాతి మచ్చలోనూ చేరుతుంది. పైగా ఆ కాంతి కొవ్వులో చెల్లాచెదురవుతుంది. లోపల 5 మి.మీ. కింద ఉన్నది కూడా పైన ఉన్నట్టే మెరుస్తుంది. మనకు కావాల్సింది అంచు మీద ఉందా లేదా అన్నది, అదే అది చెప్పలేదు. సెంటినెల్ నోడ్‌కు చనుమొన చుట్టూ ఎక్కిస్తే ఇక చెప్పనక్కర్లేదు, గుంట మొత్తం వెలుగుతుంది. నోడ్‌కు వాడుకోండి, మార్జిన్‌కు వద్దు.

షేవ్ విషయంలో మాంచెస్టర్ గారితో కొంచెం విభేదిస్తాను. ట్రయల్ అంకెలు కాదనను. కానీ షేవ్ తీయని గ్రూపులో 34 శాతం పాజిటివ్ అంటే మొదటి కోత అంత బిగువుగా పెట్టారన్నమాట. అల్ట్రాసౌండ్‌తో చూసుకుంటూ తీసే చోట షేవ్ వల్ల వచ్చే లాభం అంత ఉండకపోవచ్చు. మన దగ్గర రొమ్ము చిన్నది, గడ్డ పెద్దది అయిన పేషెంట్లకు చుట్టూ ఇంకో పొర తీస్తే ఆకారం నిలవదు. లోబ్యులర్‌కు, విస్తారంగా డీసీఐఎస్ ఉన్న కేసుకు చుట్టూ షేవ్ సరే. మిగతా వాటికి బొమ్మ ఎటు దగ్గర అంటే అటే తీయండి.

షేవ్ తీసినప్పుడు దానికి కొత్త అంచు ఏదో గుర్తు పెట్టాలి. పలుచని పొరకు రెండు ముఖాలు ఉంటాయి. గుంట వైపు ముఖం మీద కణితి ఉన్నా నష్టం లేదు, బయటి ముఖం మీద ఉంటేనే లెక్క. కుట్టు బయటి ముఖానికి వేసి “కుట్టు ఉన్నది తుది అంచు” అని ఫారం మీద రాయండి. తారుమారైతే రెండో ఆపరేషన్ ఖాయం, అదీ అవసరం లేకుండా.

ముందు, వెనక అంచుల మీద అతిగా ఆదుర్దా పడొద్దు. ముందు వైపు చర్మం దాకా, వెనక కండరం పై పొర దాకా తీసి ఉంటే ఇక తీయడానికి అక్కడ రొమ్ము కణజాలమే లేదు. అది ఆపరేషన్ నోట్‌లో స్పష్టంగా రాసి ఉంటే పాథాలజీలో ఆ వైపు దగ్గరని వచ్చినా ట్యూమర్ బోర్డులో చర్చ అక్కడితో తేలిపోతుంది.

ఆంకోప్లాస్టిక్ (గడ్డ తీశాక పక్క కణజాలం కదిపి రొమ్ము ఆకారం సరిదిద్దడం) చేసేవాళ్లు ఒకటి పాటించాలి. ఫ్లాపులు కదపకముందే మార్జిన్ తేలాలి, గుంట గోడలకు నాలుగైదు టైటానియం క్లిప్పులు వేయాలి. కణజాలం అటూ ఇటూ మార్చి కుట్టేశాక రిపోర్టులో “కింది అంచు పాజిటివ్” అని వస్తే ఆ కింది అంచు ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. రేడియేషన్ వాళ్లు ఆ చోటుకు అదనపు డోసు (బూస్ట్) ఇవ్వడానికీ ఆ క్లిప్పులే ఆధారం.

జిల్లా_సర్జన్

చివరి ప్రశ్న. కీమో ముందు పెట్టిన క్లిప్ స్పెసిమెన్ ఎక్స్‌రేలో కనిపించకపోతే? కీమోకు గడ్డ పూర్తిగా కరిగిన కేసులో అల్ట్రాసౌండ్‌లోనూ ఏమీ కనిపించదు కదా.

మామో_గది

ముందు రెండో వ్యూ తీయండి. క్లిప్ 2–3 మి.మీ. ఉంటుంది, పక్కకు తిరిగి గుర్తు క్లిప్పు వెనక దాక్కోవచ్చు. అందుకే దారి గుర్తుకు వాడే క్లిప్పులు కణితి క్లిప్‌కు భిన్నమైన ఆకారంలో ఉండాలి.

రెండిట్లోనూ లేకపోతే గుంట కుట్టకండి, సక్షన్ బాటిల్ కూడా పారబోయనివ్వకండి. క్లిప్ గడ్డ అంచుకు ఉన్నప్పుడు కాటరీతో దాని మీదుగా పోతే ఊడి సక్షన్‌లో కొట్టుకుపోతుంది. సక్షన్‌లోని ద్రవాన్ని గాజుగుడ్డలో వడకట్టి, ఆ గుడ్డను, వాడిన మాప్‌లను ప్లాస్టిక్ కవర్లో వేసి మామోగ్రఫీ మీద ఒక షాట్ తీయండి. షేవ్ తీసి ఉంటే అవి కూడా. అక్కడా లేకపోతే క్లిప్ రొమ్ములోనే ఉందనుకోవాలి. కీమో ముందు క్లిప్ పెట్టిన రోజు తీసిన మామోగ్రామ్ తెరిచి, గడ్డకు క్లిప్‌కు మధ్య ఎంత దూరం ఉందో చూడండి. పెట్టేటప్పుడే సూది దారి వెంట ఒకటి రెండు సెంటీమీటర్లు జారి ఉండొచ్చు. ఆ దిక్కున ఇంకో ముక్క తీసి మళ్లీ ఎక్స్‌రేకు పంపండి.

గడ్డ పూర్తిగా కరిగిన కేసులో వైరు లేదా మాగ్నెటిక్ సీడ్ క్లిప్ దగ్గరే పెట్టించుకుని వెళ్లాలి. మొదటి గడ్డ ఎంత పెద్దదైతే అంతా తీయనక్కర్లేదు, ఇప్పుడు మిగిలిన దాన్ని క్లిప్‌తో సహా తీస్తే చాలు. కానీ మొదట అక్కడ అనుమానపు చుక్కలు ఉన్నట్టయితే అవి కీమోకు కరగవు. క్యాన్సర్ పోయినా చుక్కలు మిగులుతాయి, వాటిని మొత్తం తీసి ఎక్స్‌రేలో లెక్క చూసుకోవాలి. పాథాలజీ ఫారం మీద “కీమో తర్వాత, క్లిప్ దొరికింది” లేదా “దొరకలేదు, ఫలానా చోట్ల వెతికాం” అని రాయండి. అది లేకపోతే, స్లైడులో కణితి లేదంటే పూర్తిగా కరిగిందా, తప్పు చోట కోశారా అన్నది వాళ్లు చెప్పలేరు.

పారఫిన్_బ్లాక్

పై మాటకు ఒక చేర్పు. ఆ ఫారం మీద కీమోకు ముందు గడ్డ సైజు, ఏ క్వాడ్రంట్, చనుమొన నుంచి ఎంత దూరం, ఇవి కూడా వేయండి. కరిగిన గడ్డ చోటు కంటికి మచ్చలా, కొంచెం గట్టిగా మాత్రమే ఉంటుంది. క్లిప్ ఉన్న బిళ్లను మీ ఎక్స్‌రే ఫిల్మ్‌తో పోల్చి చూసి, అక్కడి నుంచి మొత్తం బ్లాకులు తీస్తాం. కాబట్టి ఫిల్మ్ ప్రింటు గానీ ఫోన్లో ఫోటో గానీ ముక్కతో పాటే పంపండి, మరుసటి రోజు కాదు.